ఒళ్ళు అలవకుండా గవర్నర్ ఎన్నిక

ఎన్నిక అనగానే మనవాళ్ళు హైరానా పడిపోతారు. చెప్పులరిగేలా తిరుగుతారు. గొంతు పోయేదాకా అరుస్తారు. ఓటర్ల జాబితా ముందేసుకుని తెల్లవార్లూ టిక్కులు పెడతారు. చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ప్రజాసేవకని బయల్దేరిన మనిషి ముందు తన ప్రాణాన్ని సుఖపెట్టుకోవద్దా? తక్కువ పనితో, ఎక్కువ సాకులతో, మధ్యాహ్నం కునుకు చెడకుండా ఎంత పెద్ద ఎన్నికనైనా దాటించే పద్ధతులున్నాయి. అవన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. దాచుకోండి.

ఉదాహరణ లేని పాఠం ఒంటపట్టదు. 2004లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగిన గవర్నర్ ఎన్నికను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఇది వైట్‌హౌస్ ఉన్న వాషింగ్టన్ కాదు. పడమటి తీరాన సియాటిల్ ఉన్న రాష్ట్రం. రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్ అంటే మీకు వెంటనే వెలుగుతుంది, చుట్టాల్లో ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు. అక్కడి గవర్నర్‌ని మన రాజ్‌భవన్‌కి పంపినట్టు ఢిల్లీ నుంచి పంపరు. జనమే ఓట్లేసి నాలుగేళ్ళకు ఎన్నుకుంటారు. మన దగ్గర ముఖ్యమంత్రి చూసే పనులు అక్కడ గవర్నర్ చూస్తారు.

ఆ ఏడాది నవంబరు 2న డెమోక్రాట్ క్రిస్టీన్ గ్రెగ్వార్, రిపబ్లికన్ డినో రోసీ తలపడ్డారు. మొదటి లెక్కలో రోసీ 261 ఓట్లు ముందున్నారు. యంత్రాలతో మళ్ళీ లెక్కపెడితే ఆ ఆధిక్యం 42కి దిగింది. మూడోసారి చేత్తో లెక్కపెడితే గ్రెగ్వార్ 129 ఓట్లతో గెలిచారు. పోలైనవి 28 లక్షలకు పైగా. తక్కెడ ఇంత సమానంగా నిలబడినప్పుడు మన బద్ధకానికి వచ్చే విలువ మామూలుగా ఎప్పుడూ రాదు. లక్ష ఓట్ల మెజారిటీలో మీరెంత నిద్రపోయినా ఎవరికీ పట్టదు. నూట ఇరవై తొమ్మిదిలో మీ ఒక్క కునుకు చరిత్రలో నిలిచిపోతుంది.

అభ్యర్థి కావచ్చు, కార్యకర్త కావచ్చు, లెక్కింపు గుమస్తా కావచ్చు, ఇంట్లో కూర్చున్న ఓటరు కావచ్చు. ఎవరికి పనికొచ్చేది వాళ్ళు తీసుకోండి.

1. గాలిని నమ్ముకోండి. మీ పార్టీ పెద్ద అభ్యర్థికి గాలి బాగుంటే మీరు గడప దాటక్కర్లేదు. ఆ రోజు అధ్యక్ష పదవికి పోటీచేసిన జాన్ కెర్రీకి ఆ రాష్ట్రంలో రెండు లక్షల పైచిలుకు మెజారిటీ వచ్చింది. అదే కాగితం, అదే పెన్ను, అదే ఓటరు. కెర్రీ పేరు దాకా వచ్చిన చెయ్యి కాస్త కిందికి దిగి గవర్నర్ గడి దగ్గర ఆగడానికి ఎంతసేపు? దిగుతుందని నమ్మి పడుకోండి. రెండు లక్షల మెజారిటీ గాలి గ్రెగ్వార్ దగ్గరికొచ్చేసరికి 261 ఓట్ల వెనకబాటు అయిందంటే ఆ తప్పు గాలిది. గాలిని ఎవరూ కోర్టుకీడ్వలేరు, కాబట్టి మిమ్మల్నీ ఎవరూ ఏమీ అనలేరు.

2. పాత హోదాను ముందు నిలబెట్టి మీరు వెనక కుర్చీ వేసుకోండి. గ్రెగ్వార్ పన్నెండేళ్ళు ఆ రాష్ట్రానికి అటార్నీ జనరల్‌గా చేశారు, వరుసగా మూడుసార్లు గెలిచారు. అంత పేరున్న మనిషికి రియల్ ఎస్టేట్ వ్యాపారం చేసుకునే మాజీ సెనేటర్ పోటీ ఏమిటని అందరూ అనుకున్నారు. మీరూ అలాగే అనుకోండి. ఎదుటివాడిని తక్కువగా చూస్తే ఒంట్లో నెత్తురు చల్లగా పారుతుంది.

3. మూడో అభ్యర్థిని లెక్కలోకి తీసుకోకండి. లిబర్టేరియన్ పార్టీ తరఫున రూత్ బెనెట్ అనే ఆవిడ నిలబడి 63,465 ఓట్లు తెచ్చుకున్నారు. చివరి మెజారిటీకి ఇది దాదాపు 492 రెట్లు. ఆ అరవై మూడు వేల మందిలో నూట ముప్పై మందిని కూర్చోబెట్టి మాట్లాడితే సరిపోయేది కదా అని ఎవరైనా అంటారు. అనేవాళ్ళకేం, నూట ముప్పై మందికి కాఫీలు ఇవ్వాల్సింది మీరు.

4. ఇంట్లో ఓట్లను అడగకండి. డ్రైవరు, వంటమనిషి, బావమరిది, అత్తగారు, వీళ్ళంతా ఎలాగూ మనకే వేస్తారు. వేశారో లేదో అడగడం మర్యాద కాదు. 1839లో మసాచుసెట్స్‌లో మార్కస్ మార్టన్ ఒక్క ఓటుతో గవర్నర్ అయ్యాడని, 1989లో మన అనకాపల్లి లోక్‌సభ స్థానం కొణతాల రామకృష్ణకు 9 ఓట్లతో దక్కిందని చెప్పి మిమ్మల్ని భయపెట్టేవాళ్ళు ఉంటారు. ఒకటి, తొమ్మిది. ఎంత చిన్న అంకెలో చూడండి. చిన్న అంకెల వెంట పెద్దమనుషులు పరిగెత్తరు.

5. ఇప్పుడు ఓటరు సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, తీరిగ్గా చెప్తాను.

2004లో వాషింగ్టన్ రాష్ట్రంలో పోలింగు కేంద్రాలు ఇంకా ఉండేవి, పోస్టు ఓట్లూ బాగానే ఉండేవి. ఇప్పుడు రాష్ట్రమంతా పోస్టు ఓటే. ఎన్నికకు పద్దెనిమిది రోజుల ముందు బ్యాలెట్టు మీ ఇంటికే పంపిస్తారు. తిప్పి పంపడానికి స్టాంపు కూడా అంటించక్కర్లేదు, ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుంటుంది. ఇంత సదుపాయం ఉందంటే దానర్థం ఒకటే, తొందరేమీ లేదు. కవరు రాగానే ఫ్రిజ్ మీద పెట్టండి. దాని మీద ఇండియన్ స్టోర్ బిల్లు పెట్టండి. దాని మీద పిల్లల స్కూలు వాళ్ళు పంపిన కాగితం. దాని మీద పెళ్ళి శుభలేఖ. వారానికల్లా కవరు కంటికి కనిపించదు. కంటికి కనిపించనిది మనసుకి బరువు కాదు.

ఇంట్లో అడుగుతారు. జవాబులు ఇవిగో, కంఠతా పట్టండి.

"ఏమండీ, ఆ ఓటు కవరు సంగతి చూశారా?"

"ఇంకా పదిహేను రోజులుందిగా."

వారం పోయాక, "ఏమండీ, కవరు..."

"ఈ వీకెండు కూర్చుందాంలే."

ఆఖరి రోజు సాయంత్రం, "ఏమండీ!"

"నువ్వు గుర్తుచెయ్యొద్దూ?"

ఆ ఆఖరి జవాబు చూడండి. పద్దెనిమిది రోజుల ఆలస్యం ఒక్క వేటుతో ఆవిడ ఖాతాలో పడిపోయింది. మీరు హాయిగా సోఫాలో ఒరగొచ్చు.

6. నింపేటప్పుడు మీకు తోచినట్టు నింపండి. పేరు పక్కన చిన్న కోడిగుడ్డు ఆకారం ఉంటుంది, దాన్ని నిండా నల్లగా దిద్దమంటారు. అంత ఓపిక దేనికి? ఒక టిక్కు కొట్టండి. లేదా నచ్చినవాడి పేరు చుట్టూ సున్నా చుట్టండి, నచ్చనివాడి పేరు కొట్టేయండి. యంత్రానికి అర్థం కాకపోతే మనుషులు చూసుకుంటారు. 2004లో చూసుకున్నారు కూడా. యంత్రం చదవలేని గుర్తులు, మొదట పక్కన పడిపోయిన కవర్లు, అన్నీ కలిపి మొదటి లెక్కకీ మూడో లెక్కకీ మధ్య గ్రెగ్వార్‌కి 2,208 ఓట్లు, రోసీకి 1,818 ఓట్లు పెరిగాయి. రెండు నెలల పాటు రాష్ట్రం మొత్తాన్ని మీ టిక్కు చుట్టూ తిప్పగలిగారంటే ఓటరుగా మీ బతుకు ధన్యమైనట్టే.

7. సంతకం. కవరు మీద మీరు చేసే సంతకాన్ని రిజిస్ట్రేషన్ కాగితం మీద ఉన్న సంతకంతో పోల్చి చూస్తారు. ఇక్కడ తెలుగువాడికి ఉన్నంత సదుపాయం ప్రపంచంలో ఎవరికీ లేదు. పదో తరగతి సర్టిఫికెట్ మీద తెలుగులో గుండ్రంగా చేసిన సంతకం ఒకటి. బ్యాంకులో ఇంటిపేరు పొడక్షరంతో చేసింది ఒకటి. పాస్‌పోర్టుకి ఇంటిపేరు విడదీసి వెనక్కి తెచ్చుకున్నప్పుడు చేసింది మరొకటి. పౌరసత్వం ప్రమాణం రోజు పూర్తి పేరుతో, చెయ్యి వణుకుతూ చేసింది ఇంకొకటి. కొరియరు కుర్రాడు ఫోన్ ముందుకు చాపితే వేలితో గీసే గీత అయిదోది. ఎన్నికకో సంతకం చొప్పున వంతులు వేసుకోండి.

కొంతమంది దంపతులు ఇంకో పద్ధతి పాటిస్తారు. డైనింగు టేబులు మీద రెండు కవర్లూ పక్కపక్కనే పెట్టుకుని, మాటల్లో పడి, ఆయన కవరు మీద ఆవిడ, ఆవిడ కవరు మీద ఆయన సంతకం చేసేస్తారు. ఒక్క పొరపాటుకి రెండు సంతకాలూ కలవవు. అన్యోన్య దాంపత్యం అంటే ఇదే.

8. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తకండి. సంతకం కలవకపోతే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల ఆఫీసు ఊరుకోదు, సరిచేసుకోమని ఉత్తరం రాస్తుంది, ఫోను చేస్తుంది. ఫలితం ధ్రువీకరించేలోపు మళ్ళీ సంతకం పంపితే ఓటు లెక్కలోకి వస్తుంది. ఆ ఉత్తరాన్నీ ఫ్రిజ్ మీదే పెట్టండి. అక్కడ దానికి తోడుంది.

ఇదే విషయంలో కార్యకర్తలకో మాట. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో సంతకం తేడాల వల్ల ఆగిపోయిన ఓటర్ల పేర్లను డెమోక్రాట్లు కోర్టుకెళ్ళి మరీ సంపాదించారు. నవంబరులో, ఆ ఊరి ముసురులో, గుమ్మం గుమ్మం తట్టి సంతకాలు పోగుచేశారు. ఎంత శ్రమ! ఒక్కో సంతకానికి రెండు మెట్లెక్కడం, ఒక గంట కొట్టడం, ఒక కుక్కని సముదాయించడం. మీరు ఆ పనికి ఒప్పుకోకండి. ఆఫీసులో ఉండి పేర్లను అక్షరక్రమంలో పెడతానని చెప్పండి. అ దగ్గర మొదలుపెట్టి ఆ దగ్గర ఆగండి.

9. ఆఖరి రోజు రాత్రి ఎనిమిదింటికి బ్యాలెట్ పెట్టెలు మూసేస్తారు. మీరు ఎనిమిదీ అయిదుకి చేరుకోండి. ముందుగా వెళ్తే వరసలో నిలబడాలి, ఎనిమిది దాటాక ఒక్కరూ ఉండరు. సియాటిల్ దగ్గరి అయిదు-ఇరవై వంతెన మీద ట్రాఫిక్ అని చెప్పండి, ఆ మాట అక్కడ ఎవరూ కాదనరు. పోస్టు డబ్బాలో వేస్తే ఎన్నిక రోజు దాటని తారీఖుతో ముద్ర పడాలంటారు. ఆ ముద్ర పడాలంటే ఆ రోజు పోస్టువాళ్ళు డబ్బా తెరవకముందే వెయ్యాలి. మీరు రాత్రి భోంచేసి, నడకకి వెళ్ళినట్టూ ఉంటుందని, అప్పుడు వెయ్యండి. నడక ఒంటికి మంచిది.

10. ఓటు వెయ్యకపోయినా అభిప్రాయం మాత్రం గట్టిగా ఉంచుకోండి. వాట్సాప్ గ్రూపులో రోజుకి నలభై మెసేజిలు పంపండి. ఎవరైనా "అన్నయ్యా, మీరు వేశారా?" అని అడిగితే గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టండి.

11. ఇక ఎన్నికల ఆఫీసు గుమస్తాలకు. మీకు ప్రాణరక్ష మంత్రం ఒకటుంది: "సిస్టమ్‌లో లేదండీ." కింగ్ కౌంటీలో 573 పోస్టు ఓట్లను ఇలాగే పక్కన పెట్టేశారు. ఆ ఓటర్ల సంతకాలు కంప్యూటర్‌లో దొరకలేదు. పాత కాగితాల అరలో వెతికితే దొరికేవి, కానీ అందుకు కుర్చీలోంచి లేవాలి. లేవకండి. మోకాళ్ళు మీవి, ఓటు వేరేవాళ్ళది.

అయితే ఒక జాగ్రత్త చెప్పకపోతే నాకు మనసొప్పదు. పక్కన పెట్టినవాళ్ళ జాబితాను పెద్దల కంటపడనివ్వకండి. ఆ కౌంటీ కౌన్సిల్ ఛైర్మన్ ల్యారీ ఫిలిప్స్ ఒకరోజు జాబితా చూస్తే అందులో ఆయన పేరే ఉంది! తన ఓటే చెల్లలేదని అప్పుడు తెలిసింది ఆయనకి. అక్కణ్ణుంచి కథ అడ్డం తిరిగింది. ఆ ఓట్లు లెక్కపెట్టకూడదని ఒక కోర్టు, లెక్కపెట్టొచ్చని డిసెంబరు 22న రాష్ట్ర సుప్రీంకోర్టు. అప్పటిదాకా చేతి లెక్కలో గ్రెగ్వార్ ఆధిక్యం పది ఓట్లు. కింగ్ కౌంటీ పక్కన పెట్టినవన్నీ తెరిచాక నూట ముప్పై అయింది. ఇంకో కౌంటీలో రోసీకి ఒక ఓటు కలిసి చివరికి నూట ఇరవై తొమ్మిది. కుర్చీలోంచి లేవకపోవడం అనే చిన్న సుఖం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మీ ఉద్యోగ జీవితంలో ఇంతకంటే పెద్ద గుర్తింపు ఏముంటుంది?

12. తాత్కాలిక ఓట్లని కొన్ని ఉంటాయి. ఓటరుకి అర్హత ఉందో లేదో తేలేదాకా వాటిని విడి కవర్లో ఉంచాలి. కవర్లు, పేర్లు, పరిశీలన, అంతా తలనొప్పి. 2004లో కింగ్ కౌంటీలో వందల మంది ఆ ఓట్లను పరిశీలన లేకుండానే తిన్నగా యంత్రంలో వేసేశారు. ఒకసారి కుప్పలో కలిశాక ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు. దేవుడికే తెలియనిదాన్ని మిమ్మల్ని ఎవరు అడుగుతారు?

13. వచ్చిన ఓటర్ల పద్దు, పడిన ఓట్ల పద్దు ఒకే రోజు కలిపి చూడకండి. చూస్తే తేడా కనిపిస్తుంది. కనిపిస్తే రాయాలి. రాస్తే సంతకం పెట్టాలి.

14. బ్యాలెట్లను రకరకాల చోట్ల ఉంచండి. అన్నీ ఒకచోట ఉంటే ఒకేసారి లెక్క అయిపోతుంది, తర్వాత ఆఫీసులో సందడే ఉండదు. ఎన్నిక అయిపోయి, గవర్నర్ ప్రమాణం చేసి, చెట్లు చిగురించే వేళకి, అంటే 2005 వసంతంలో, కింగ్ కౌంటీలో విప్పని పోస్టు ఓట్లు ఇంకో తొంభైకి పైగా బయటపడ్డాయి. అటక మీద అమ్మమ్మ దాచిన డబ్బు దొరికినట్టు! అప్పుడు చెప్పవలసిన మాట, "మా ముందు షిఫ్టువాళ్ళు పెట్టారండీ."

15. మళ్ళీ అభ్యర్థి దగ్గరికొద్దాం. మొదటి లెక్కలో ఒక్క ఓటు ముందున్నా సరే, గెలిచేసినట్టే నడుచుకోండి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించేవాళ్ళుంటారు. వాళ్ళకి ఒకటే చెప్పండి, పేరు సిద్ధంగా ఉంటే పుట్టాక వెతుక్కునే పని తప్పుతుంది. రోసీ రెండుసార్లు ముందున్నారు, నవంబరు చివర్లో రాష్ట్ర అధికారులే గెలిచారని ధ్రువీకరించారు, అధికారం అందుకునే ఏర్పాట్లు కూడా మొదలయ్యాయి. ఆ తర్వాత డిసెంబరు 30న వేరే పేరుతో ఇంకో ధ్రువీకరణ వచ్చింది. అయితేనేం? పదవిలోకి వెళ్ళినవాళ్ళకి బడ్జెట్టు, వరదలు, సమ్మెలు. కాబోయే గవర్నర్‌కి అభినందనలు మాత్రమే. పదవిలో తీపి ఉన్న భాగం ఆ నెల రోజులే, దాన్ని పూర్తిగా అనుభవించండి. మేనల్లుళ్ళకి ఏమేం ఇప్పిస్తారో అప్పుడే చెప్పేయండి.

16. వెనకబడినవాళ్ళు రీకౌంటింగుకి డబ్బు కట్టకండి. చేత్తో లెక్కపెట్టాలంటే అడిగిన పార్టీ బ్యాలెట్టుకి పాతిక సెంట్ల చొప్పున ముందే కట్టాలి. డెమోక్రాట్లు దాదాపు 7,30,000 డాలర్లు పోగుచేసి కట్టారు. ఫలితం మారితే ఆ డబ్బు వెనక్కిస్తారు, వాళ్ళకి ఇచ్చారు కూడా. అయినా అంత డబ్బు చేతిలో ఆడుతున్నప్పుడు దాన్ని లెక్కల గుమస్తాలకి ధారపోయడం నాకు నచ్చదు. నలభై రెండు ఓట్లే కదా తేడా, ఒక బస్సులో పట్టే జనం. వదిలేసి ఊరెళ్ళండి. "విలువల కోసం తప్పుకున్నాను" అని ఒక ప్రకటన ఇవ్వండి. ప్రకటన ఉచితం.

17. ఓడాక కోర్టుకి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు సాక్ష్యాల సంచీ మొయ్యకండి, నడుం పట్టేస్తుంది. దొంగ ఓట్లు పడ్డాయని చెప్తే చాలు, అవి ఎవరికి పడ్డాయో చెప్పే బాధ్యత మీద వేసుకోకండి.

రోసీ పక్షం వేసిన కేసు వెనాచీ అనే ఊళ్ళో, షెలాన్ కౌంటీ కోర్టులో, జడ్జి జాన్ బ్రిడ్జెస్ ముందు విచారణకొచ్చింది. ఓటుహక్కు తిరిగి రాని శిక్షపడ్డవాళ్ళు వేసినవి వెయ్యికి పైగా, చనిపోయినవాళ్ళ పేరు మీద పడినవి కొన్ని, రెండుసార్లు వేసినవి కొన్ని, ఇంకా పరిశీలన లేని తాత్కాలిక ఓట్లు. మొత్తం 1,678 చెల్లని ఓట్లు పడ్డాయని జడ్జి తేల్చారు. మెజారిటీకి పదమూడు రెట్లు! ఇంకేం కావాలి? అవి ఎవరికి పడ్డాయని అడిగితే, అవి పడిన పేటలో ఎవరికి ఎన్ని శాతం ఓట్లొచ్చాయో అదే శాతంలో పంచి తీసెయ్యండని రిపబ్లికన్లు వాదించారు. నాకు ఈ వాదన ఎంతో నచ్చింది. మనిషిని పిలిచి అడిగే బాధ లేకుండా కాగితం మీదే భాగారం చేసేయొచ్చు. జడ్జికి నచ్చలేదు. ఫలానా ఓటు ఫలానావాళ్ళకి పడిందని చూపించమన్నారు.

ఎదుటిపక్షం మాత్రం మనుషుల్ని వెతికి వాంగ్మూలాలు తెచ్చింది. శిక్షపడ్డ నలుగురు, మేం వేసింది రోసీకేనని చెప్పారు. 2005 జూన్ 6న తీర్పు. ఆ నాలుగు ఓట్లూ రోసీ లెక్కలోంచి పోయాయి. నూట ఇరవై తొమ్మిదితో ఓడి కోర్టుకెళ్తే నూట ముప్పై మూడుతో ఓడి బయటికొచ్చారు. శ్రమ తక్కువైనా అంకె పెరిగింది, గమనించండి. ఆ పైన అప్పీలుకి వెళ్ళలేదు. అదీ మంచి పనే, ఇంకో మెట్టెక్కితే ఇంకెన్ని పెరిగేవో.

విచారణ సాగినంతకాలం మనకి తీరికే. మిన్నెసోటాలో 1962 ఎన్నిక 91 ఓట్ల తేడాతో తేలడానికి 1963 మార్చి దాకా పట్టింది. అప్పటిదాకా పాత గవర్నర్ ఎల్మర్ ఆండర్సన్ కుర్చీలోనే ఉన్నారు, కార్ల్ రోల్వాగ్ బయట ఎదురుచూశారు. ఓడినవాడికి రెండు నెలలు దాటి అదనపు జీతం, గెలిచినవాడికి రెండు నెలలు దాటి అదనపు సెలవు. ఇద్దరికీ లాభమైన ఏర్పాటు మరొకటి చూపించండి.

18. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అదే మనిషి మీద నిలబడండి. కొత్త ఫ్లెక్సీ కొట్టించే ఖర్చుండదు, పాత ఉపన్యాసంలో తారీఖు మార్చుకుంటే సరి. రోసీ 2008లో మళ్ళీ గ్రెగ్వార్ మీదే పోటీచేశారు. ఈసారి తేడా లక్షా తొంభై వేలు దాటింది. రీకౌంటింగు లేదు, కోర్టు లేదు, వకీలు ఫీజు లేదు, రాత్రికి రాత్రే తేలిపోయింది. అందరూ వేళకి నిద్రపోయారు.

19. కొన్ని ఇబ్బందులు కొత్తగా వచ్చాయి, అవీ చెప్పాలి. ఆ గొడవ తర్వాత ఆ రాష్ట్రంలో చట్టాలు బిగించారు. ఓటర్లందరి పేర్లూ రాష్ట్రం మొత్తానికి ఒకే జాబితాలోకి తెచ్చారు. సెప్టెంబరులో జరిగే ప్రైమరీ ఎన్నికను ఆగస్టుకి జరిపారు, లెక్కలకి వ్యవధి చాలాలని. దీనివల్ల గుమస్తాలకు సాకులు తగ్గాయన్నది నిజం. కంగారుపడకండి. ఫ్రిజ్ పైభాగాన్ని ఏ చట్టమూ ఇంకా ముట్టుకోలేదు.

20. ఆ కవరు మాత్రం పారేయకండి. ఎన్నిక అయిపోయిన రెండు వారాలకు శుభలేఖ కోసం వెతికితే అది బయటపడుతుంది. చించి బ్యాలెట్టు బయటికి తియ్యండి. కాగితం మంచి దళసరి, అంచుల్లో తెల్లటి జాగా ఉంటుంది. పిల్లల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఆ జాగాలో తీసివేతలు నేర్పండి. 13,73,361 రాయించండి. దాని కింద 13,73,232. ఒకట్ల స్థానంలో ఒకట్లోంచి రెండు పోదు, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి. "ఎంతొచ్చింది నాన్నా?" అని అడగండి.

"నూట ఇరవై తొమ్మిది. ఇంతేనా నాన్నా?"

"ఇంతేరా. పెన్సిలు లోపల పెట్టు, అన్నానికి వేళయింది."